పదిహేను దిమ్మల కమాను

స్పానిష్ టీచర్‌ది గట్టి గొంతు. ఆవిడ తొమ్మిదో తరగతి చేత క్రియాపదాలు వల్లె వేయిస్తుంటే, గోడకి అవతల లెక్కల క్లాసులో కూర్చున్న పిల్లలకి కూడా అవి నోటికి వచ్చేసేవి. లెక్కల మాస్టారు ఒకటి రెండుసార్లు మొహమాటపడుతూ చెప్పి చూశారు. "పోనీలెండి మాస్టారూ, కూర్చున్నచోటే మీ పిల్లలకి ఇంకో భాష వస్తోంది" అని నవ్వేసి, ఆవిడ మర్నాడు ఇంకాస్త గొంతు పెంచింది.

నలభై మూడేళ్ళ మనిషి. పద్దెనిమిదేళ్ళుగా అదే బడి, అదే కింది అంతస్తు గది. స్పానిష్ మాట్లాడే దేశాల్లో ఒక్కదానిలోనూ తను అడుగు పెట్టలేదని పిల్లలకి మొదటి రోజే చెప్పేసేది. "నేనూ చూడలేదు, మీరూ చూడలేదు. పదండి, కలిసి చూద్దాం" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహంలో చిన్నబోవడం మచ్చుకైనా ఉండేది కాదు. రేపే టికెట్లు కొనబోతున్నట్టు ఉండేది వాలకం.

అలా కలిసి చూడ్డానికి పుట్టిందే సోమవారం కాగితం. పిల్లలకి తలా ఒకటి, ఒకే ఒక్క పెద్ద కాగితం. పైన సగం ఆ వారం కట్టడం. బొమ్మ ఆవిడే గీసేది, పక్కన నాలుగు పేరాలు రాసేది. ఒక వారం గ్రనడాలో అల్‌హంబ్రా కోట, రాతి సింహాల ఫౌంటెన్‌తో సహా. ఇంకో వారం మెక్సికోలో సూర్యుడి పిరమిడ్. మరో వారం సముద్రానికి ఎదురుగా రొమ్ము విరుచుకుని నిలబడ్డ ఎల్ మొర్రో కోట. కింద సగం క్లాసు కబుర్లు. ఎవరి పుట్టినరోజు, పరీక్ష ఎప్పుడు, ఎవరి గొడుగు దొరికింది, ఎవరు ఏం సాధించారు. ఉదాహరణకి, గంట కొట్టినా నోరు మూయడని రేడియో అని పేరు పడ్డ అబ్బాయి గురించి ఒకసారి ఇలా వచ్చింది: "మన రేడియోకి ఎట్టకేలకు 'ర' గట్టిగా పలికింది. ఇకనుంచి అతను 'పెర్రో' అంటే నిజంగా కుక్కే. ఇన్నాళ్ళూ 'పెరో' అని, అంటే 'కానీ... కానీ...' అని పిలుస్తున్నాడు. కుక్కలు రాలేదంటే వాటి తప్పు లేదు."

కాగితం వెనకవైపు ఐదు ప్రశ్నలుండేవి. జవాబులు రాసి బుధవారానికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి. ఈలోగా ఆ కాగితం ఇల్లంతా తిరిగొచ్చేది. దాని మీద టీ మరకలు, కూరల జిడ్డు, చెల్లెళ్ళ పిచ్చిగీతలు చూసి టీచర్ మురిసిపోయేది. ఇంట్లో అందరి చేతుల్లోనూ పడిందన్నమాట!

ఆ వారం కట్టడం స్పెయిన్‌లోని సెగోవియా నీళ్ళ వంతెన. ఊళ్ళోకి నీళ్ళు తేవడానికి దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట రోమన్లు కట్టింది. ఒకదానిమీద ఒకటిగా రెండు వరసల కమానులు, ఊరి నడిబొడ్డున తొమ్మిది అంతస్తుల మేడంత ఎత్తు. వారం ముందు, ఆదివారం మధ్యాహ్నమంతా టీచర్ భోజనాల బల్ల మీద కూర్చుని దాన్ని గీసింది. ఆవిడ భర్త కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనివాడు. నెమ్మదస్తుడు. అచ్చుకి వెళ్ళేముందు కాగితం మీద అక్షరదోషాలు పట్టేది ఆయనే. ఒక కొమ్ము, ఒక వత్తు దిద్ది, "బొమ్మ బ్రహ్మాండంగా ఉందోయ్" అన్నాడు.

బుధవారం కాగితాలు పోగు చేస్తుంటే ఒకటి మాత్రం ఎనిమిది మడతలు వేసి చేతిలో పడింది. ఇచ్చింది బొంగరం. కూర్చున్నచోట కుదురుగా ఉండదని ఆ పిల్లకి ఆ పేరు. ఆ రోజు మాత్రం బొమ్మలా నిలబడి ఉంది.

టీచర్ మడతలు విప్పింది. బొమ్మకి అడ్డంగా ఎర్ర పెన్సిల్‌తో పెద్ద కొట్టివేత. పక్కన లావుపాటి అక్షరాలు. ఎవరో చెరపబోయినట్టు కాగితం చిరిగింది గానీ రాత పోలేదు.

"ఇలా కడితే కింద ఊతం తీసిన రోజే కూలుతుంది. కమానులో రాళ్ళు గోడలో పేర్చినట్టు అడ్డంగా పేర్చరు. ప్రతి రాయీ గుండ్రం నడిమధ్యకి చూడాలి. కట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే అయ్యుంటారు. గీసినవాళ్ళే చూసుకోలేదు."

టీచర్ రెండోసారి చదివింది.

"ఎవరమ్మా రాసింది?"

"మా నాన్న, మేడమ్. తాపీ మేస్త్రీ." బొంగరం గొంతు పీలగా వచ్చింది. "రబ్బరుతో రుద్దాను, పోలేదు. అది గోడల మీద గీసే పెన్సిల్, వానకి కూడా పోదు. ఇంకెప్పుడూ రాయరు మేడమ్, నేను చెప్తాను."

"ఎందుకు రాయకూడదు? ముందు ఆయన చెప్పింది నిజమో కాదో నన్ను చూడనీ."

క్లాసులో చిన్న నవ్వొకటి పాకింది. టీచర్ తలెత్తి చూడగానే ఆగిపోయింది.

ఇంటికి వెళ్ళగానే చెప్పులైనా విప్పకుండా బీరువా పైనుంచి పెద్ద ఫోటోల పుస్తకం దించింది. భర్త షాపు నుంచి తెచ్చుకున్న భూతద్దం పట్టుకుని సెగోవియా పేజీ మీదకి వంగింది. ఫోటోలో కమాను రాళ్ళు విసనకర్ర విప్పినట్టు ఉన్నాయి. ఒక్కొక్కటీ పైన వెడల్పు, కింద సన్నం. ఆవిడ గీసిన బొమ్మలో మాత్రం అవి మెట్లలా ఒకదానిమీద ఒకటి బుద్ధిగా పడుకుని ఉన్నాయి. అంతటితో అయిందా అంటే అదీ లేదు. కింద నాలుగు లైన్లు చదివేసరికి ఇంకోటి బయటపడింది. ఆ రాళ్ళ మధ్య సున్నం అన్నదే లేదట. రాయి మీద రాయి, అంతే. ఆవిడ తన రెండో పేరాలో "గట్టి సున్నంతో అతికించారు" అని ధీమాగా రాసేసింది. ఎక్కడ చదివిందో గుర్తు లేదు. ఎక్కడా చదవలేదేమో కూడా.

"రెండు తప్పులండీ" అంది భర్తతో. "ఒకటి ఆయన పట్టాడు. ఒకటి నేను పట్టాను."

"నేనొక్కటీ పట్టలేదు" అన్నాడాయన దిగులుగా. "ఇప్పుడేం చేస్తావు?"

"ఏముంది, దిద్దుతాను."

"మెల్లిగానా, గట్టిగానా?"

"నాకు మెల్లిగా చేతనవునా?"

ఆయన నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు. తప్పు రాసినందుకు కాదు ఆవిడ బాధ. ఇన్నేళ్ళుగా కమానుల బొమ్మలు ఎన్ని గీసిందో లెక్కలేదు. ఏ అతుకూ లేకుండా అవి ఎందుకు పడిపోవో మాత్రం ఒక్కసారైనా అడగలేదు. పిల్లలూ అడగలేదు. అందరూ కలిసి చూస్తున్నామనుకున్నారు గానీ, చూసింది బొమ్మనే.

మర్నాడు బడి అవగానే బొంగరాన్ని వెంటబెట్టుకుని మేస్త్రీ పని చేస్తున్న చోటికి వెళ్ళింది. సగం లేచిన ఇల్లు. మేస్త్రీ పరంజా పలక మీద నిలబడి, గోడ నిటారుగా ఉందో లేదోనని పక్కన గుండుదారం వదిలి ఒక కన్ను మూసి చూస్తున్నాడు. కూతురి పక్కన టీచర్ని చూసేసరికి రెండో కన్ను కూడా తెరుచుకుంది. గబగబా దిగి, చేతులు పంట్లానికి తుడుచుకున్నాడు.

"తప్పైపోయిందమ్మా. పిల్ల చెప్పింది. చేతిలో పెన్సిల్ ఉంది, గీసేశాను. ఎవరు గీశారో చూసుకోలేదు."

"చూసుకుంటే రాసేవారు కాదా?"

మేస్త్రీ అబద్ధం ఆడటం చేతకాని మనిషి. "రాసేవాణ్ణే" అన్నాడు. "కాకపోతే చివరి ముక్క రాసేవాణ్ణి కాదు."

"చివరి ముక్కే బాగుంది మేస్త్రీ గారూ. అందులో అబద్ధమేం లేదు. నేను చూసుకోలేదు." ఇటుకల దొంతర మీద రుమాలు పరుచుకుని కూర్చుంది. "నేనొచ్చింది క్షమాపణ అడిగించుకోవడానికి కాదు. మీరు మా క్లాసుకి వచ్చి ఒక కమాను కట్టాలి. సిమెంటు పుయ్యకుండా. అది నిలబడాలి. ఎందుకు నిలబడిందో పిల్లలు కళ్ళారా చూడాలి."

"బళ్ళోనా? అమ్మో, పిల్లల ముందు నేనేం మాట్లాడతానమ్మా!"

"మీరు మాట్లాడక్కర్లేదు, పిల్లలే మాట్లాడతారు, స్పానిష్‌లో. ఎడమకి జరపమని, మెల్లిగా దించమని వాళ్ళు చెప్తారు, మీరు చేస్తారు. ఆరు మాటలు నేర్చుకుంటే చాలు."

మేస్త్రీ కూతురి వైపు చూశాడు. బొంగరం ఒంటికాలి మీద గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఆయన తల గోక్కున్నాడు. "ఆరేనా?" అన్నాడు.

హెడ్మాస్టారి దగ్గర పని అంత సులువుగా కాలేదు. సోమవారం కాగితం అచ్చుకి వెళ్ళాలంటే కింద ఆయన సంతకం ఉండాలి. ఆ శుక్రవారం ఆయన కాగితం చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"'క్లాసు కబురు: మీ టీచర్ గీసిన వంతెన కూలిపోయింది.' ఏమిటి మేడమ్ ఇది? తప్పు జరిగిందని మనమే అచ్చేసి ఇంటింటికీ పంచుతామా? ఎవరూ గమనించలేదు కదా, ఊరుకుంటే పోయేది."

"ఒకాయన గమనించాడు సార్. ఇద్దరు తప్పు నేర్చుకున్నా తప్పే, ఇక్కడ ముప్ఫై నలుగురు నేర్చుకున్నారు. పిల్లల జవాబులో తప్పుంటే నేను ఎర్ర సిరాతో కొడతాను. నాది నేను కొట్టుకోకపోతే రేపు ఏ మొహంతో కొట్టను?"

"సరే, అది సరే. ఈ రెండో కబురేమిటి? స్పానిష్ క్లాసులో సిమెంటు దిమ్మలా?"

టీచర్ చెప్పింది. చెప్పడమంటే మామూలుగా కాదు, లేచి నిలబడి, ఆయన బల్ల మీది ఫైళ్ళతోనే కమాను పేర్చబోయి చెప్పింది. ఫైళ్ళు జారిపోతుంటే హెడ్మాస్టారు రెండు చేతులా పట్టుకున్నారు. పట్టుకున్న చేతులు వదల్లేక, "కానివ్వండి" అన్నారు. "ఒక్క షరతు. నేల మీద గీత పడకూడదు. పోయిన నెలే పాలిష్ చేయించాం."

తరవాతి వారమంతా మేస్త్రీ ఇంటి వెనక చెక్క అచ్చులో రోజూ దిమ్మలు పోశాడు. మొత్తం పదిహేను. ఒక్కొక్కటీ పైన వెడల్పు, కింద సన్నం. పోస్తున్నంతసేపూ బొంగరం పక్కన కూర్చుని మాటలు అప్పజెప్పించింది. మాస్ అంటే ఇంకా. మెనోస్ అంటే తగ్గించు. దెస్పాసియో అంటే మెల్లిగా. ఆల్తో అంటే ఆగు. ఇస్కియెర్దా ఎడమ, దెరేచా కుడి. చివరి రెండూ మేస్త్రీ నాలుకకి ఓ పట్టాన లొంగలేదు. చేతివేళ్ళ మీద సుద్దతో గుర్తులు వేసుకున్నాడు.

ఆ పై వారం గురువారం, ఆఖరి పీరియడు. బెంచీలన్నీ గోడ వారకి జరిపారు. మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. హెడ్మాస్టారి షరతు ప్రకారం నేల మీద గోనెపట్టాలు పరిచాడు. వాటి మీద అర్ధచంద్రంలా కోసిన చెక్క చట్రం నిలబెట్టి, దాని కింద రెండు చెక్క చీలికలు దోపాడు. రెండు కొసల్లో ఇసుక బస్తాలు ఒత్తి పెట్టాడు. ఆ తరవాత చేతులు కట్టుకుని పిల్లల వైపు తిరిగాడు, చెప్పండి అన్నట్టు.

మొదట ఎవరికీ నోరు పెగల్లేదు. రేడియోకి కూడా. టీచర్ వెనక బెంచీ ఎక్కి కూర్చుని నోటికి తాళం వేసుకుంది. అది ఆవిడకి ఎంత కష్టమైన పనో పిల్లలందరికీ తెలుసు.

"పియెద్రా" అంది బొంగరం చివరికి. రాయి అని. "ఇస్కియెర్దా."

మేస్త్రీ తన వేళ్ళ కేసి చూసుకుని, ఒక దిమ్మ ఎత్తి ఎడమ కొసన చట్రం మీద పెట్టాడు. ఇక గేటు తెరిచినట్టయింది. మాస్, మాస్! మెనోస్! దెస్పాసియో! ముప్ఫై నాలుగు గొంతులు. రేడియో ఆత్రంలో తగ్గించు అనడానికి బదులు ఇంకా అన్నాడు. మేస్త్రీ ఇంకా జరిపాడు. "అయ్యో, అటు కాదండీ!" అని రేడియో తెలుగులో అరిచాడు. మేస్త్రీ తనకి తెలుగు రానట్టు మొహం పెట్టి నిలబడ్డాడు. క్లాసు పడీ పడీ నవ్వింది. రేడియో మెనోస్ అన్నాకే ఆయన చెయ్యి కదిలింది.

ఎడమన ఏడు, కుడిన ఏడు. నడినెత్తిన ఒక దిమ్మ పట్టేంత ఖాళీ.

"ఈ ఆఖరి దాన్ని స్పానిష్‌లో క్లావే అంటారు" అంది టీచర్, ఇక ఆగలేక. "కీలకం అన్నా అదే మాట."

మేస్త్రీ తలూపాడు. క్లావే కూర్చుంది. చీలికలు ఒక్కొక్కటే లాగాడు. చట్రం అంగుళం కిందకి దిగింది. కమాను గాలిలో నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టబోయారు. అంతలో కుడివైపు గోనెపట్టా పాలిష్ నేల మీద సర్రున జారింది. బస్తా దానితోపాటే వెళ్ళింది. పదిహేను దిమ్మలూ చట్రం మీదకి దబదబా కూలిపోయాయి.

ఆ చప్పుడికి లెక్కల క్లాసు మొత్తం వరండాలోకి వచ్చేసింది. వాళ్ళ వెనకే హెడ్మాస్టారు పరుగున వచ్చారు. "ఎవరికైనా తగిలిందా?" ఎవరికీ తగల్లేదు, అందరినీ మూడు బారల దూరంలోనే నిలబెట్టారు. అయినా బొంగరం మొహం తెల్లబోయింది. ఆ పిల్ల నాన్న వైపు చూడలేక కిటికీ వైపు చూస్తోంది.

మేస్త్రీ మాత్రం దిమ్మల కేసి చూడటం లేదు. వంగి నేల మీద అరచేత్తో రుద్దుతున్నాడు.

"తప్పు నాదే" అన్నాడు లేస్తూ. గొంతులో తడబాటు లేదు. "కమాను కిందకి మాత్రమే కాదు, పక్కలకి కూడా తోస్తుంది పిల్లలూ. పైన బరువు దిగి దిగి రెండు కాళ్ళ దగ్గర బయటకి తన్నుకొస్తుంది. ఆ తోపుని ఆపేది గట్టిగా ఉండాలి. నేను నున్నటి నేల మీద గోనె పరిచి, దాని మీద నిలబడమన్నాను. అది ఎలా నిలబడుతుంది!"

టీచర్ బెంచీ దిగి వచ్చింది. "మేస్త్రీ గారూ, దీన్ని క్లాసు కబుర్లలో వేసుకోవచ్చా?"

"వేసుకోండి" అన్నాడాయన నవ్వుతూ. "మీదీ నాదీ పక్కపక్కన వెయ్యండి."

బొంగరం అప్పుడు తల తిప్పింది.

"ఇంకా పాతిక నిమిషాలుంది" అంది టీచర్ గడియారం చూసి. "ఏం కావాలో చెప్పండి."

"గోనె తీసెయ్యాలి. ఒక కాలు గోడకి ఆనించాలి. రెండో కాలికి కదలని బరువేదైనా కావాలి."

అందరి చూపులూ గది మూలకి వెళ్ళాయి. అక్కడ ఆఫీసు పాత రికార్డుల ఇనప బీరువా ఉంది. టీచర్ ఆ బడిలో చేరినప్పటినుంచీ అది అక్కడే ఉంది. టీచర్ హెడ్మాస్టారి వైపు చూసింది. హెడ్మాస్టారు మెరిసిపోతున్న తన నేల వైపు చూశారు. తరవాత కిటికీల నిండా వేలాడుతున్న లెక్కల క్లాసు మొహాల వైపు చూశారు. చొక్కా చేతులు మడుచుకున్నారు.

"ఎత్తి జరపండి, ఈడ్చకండి" అన్నారు. తనే ఒక మూల పట్టుకున్నారు.

ఉనో, దోస్, త్రెస్! ఆరుగురు పెద్ద పిల్లలు, మేస్త్రీ, హెడ్మాస్టారు కలిసి ఎత్తితే బీరువా మూరెడు మూరెడు చొప్పున కదిలింది. లెక్కల క్లాసు వాళ్ళే అందరికంటే గట్టిగా లెక్కపెట్టారు, తప్పు లేకుండా.

రెండోసారి పని చకచకా సాగింది. ఒక దిమ్మ అంచు విరిగితే మేస్త్రీ దాన్ని కింది వరసలో పెట్టాడు. ఎవరూ అరవలేదు. ఒక గొంతు తరవాత ఒకటి, వంతులవారీగా పలికాయి. క్లావే ఈసారి బొంగరం చేతికిచ్చాడు. ఆ పిల్ల రెండు చేతులా మోసుకొచ్చి దించుతుంటే, మేస్త్రీయే "దెస్పాసియో, దెస్పాసియో" అన్నాడు. పిల్లలు ఆయన వైపు ఆశ్చర్యంగా చూశారు. అది ఆయన తనంతట తాను పలికిన మొదటి స్పానిష్ మాట.

చీలికలు వచ్చేశాయి. చట్రం దిగింది. మేస్త్రీ దాన్ని పక్కకి లాగేశాడు. బీరువా కిర్రుమని ఒక్కసారి మూలిగి ఊరుకుంది. ఏ అతుకూ లేకుండా, కింద ఏమీ లేకుండా పదిహేను దిమ్మలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి.

"బరువు ఆపుతుందా?" అన్నారు హెడ్మాస్టారు మెల్లిగా.

"మనిషి కూర్చోవచ్చు సార్. సరిగ్గా నడినెత్తిన కూర్చోవాలి. పక్కకి వాలకూడదు."

స్పానిష్ టీచర్ చెప్పులు విడిచింది. "నేను కూర్చుంటాను" అంది. "మొదట కూలిన వంతెన నాదే కదా." మేస్త్రీ ఒక చెయ్యి, బొంగరం ఒక చెయ్యి అందిస్తే, ఆవిడ బెంచీ మీద కూర్చున్నంత తేలిగ్గా కమాను నెత్తిన కూర్చుని కాళ్ళు నేల మీంచి ఎత్తేసింది. కింద దిమ్మలు ఇంకాస్త బిగుసుకున్నట్టు తెలిసింది ఆవిడకి. ఆ గట్టిదనం ఏ పుస్తకంలోనూ లేదు.

"ఇప్పుడు చూశాం" అంది పిల్లలతో.

కమాను వారం రోజులు అక్కడే ఉంది. లెక్కల మాస్టారు తన క్లాసుని తీసుకొచ్చి దాని చుట్టుకొలత కొలిపించారు. బీరువా పాత చోటికి తిరిగి వెళ్ళలేదు. ఎత్తడానికి మళ్ళీ ఎవరికీ ఓపిక లేకపోయింది. వచ్చే ఏడాది స్పానిష్ కావాలని లెక్కల క్లాసు నుంచి తొమ్మిదిమంది పేర్లు ఇచ్చారు. వాళ్ళకి సగం క్రియలు ఎలాగూ వచ్చు.

దిమ్మలు తీసుకెళ్ళడానికి మేస్త్రీ వచ్చిన సాయంత్రం, బండిలోకి సర్దుతూ సర్దుతూ ఆగాడు.

"అమ్మా, అది నీళ్ళ వంతెన అన్నారు కదా. మోటార్లు లేని రోజులు. నీళ్ళు వాటంతటవే నడవాలంటే మొదటినుంచీ చివరిదాకా వాలు ఉండాలి. మరీ ఎక్కువైతే కాలవ కోసుకుపోతుంది, తక్కువైతే నీళ్ళు నిలబడిపోతాయి. వాళ్ళు ఎంత వాలు ఇచ్చారు?"

టీచర్ సంచిలోంచి పుస్తకం తీసి ఆ ప్రశ్న రాసుకుంది.

"తెలీదండీ" అంది. "వచ్చే సోమవారానికి చెప్తాను."

మేస్త్రీ బండి వీధి మలుపు తిరిగింది. ఆవిడ ఇంటి దారి పట్టకుండా లైబ్రరీ వైపు నడిచింది. మూసే వేళకి ఇంకా నలభై నిమిషాలుంది, ఆవిడ నడకకి అది కావలసినంత సమయం.